ఖాళీగా ఉన్నప్పుడే

రౌమాలో జనవరి. కిటికీ వేలెడు తెరిచి ఉంచావు,
చలి కూడా నీ ఫ్యానుల్లో ఒకటన్నట్టు.
బయట మైనస్ పదిహేడు.
వంటగది బల్ల మీద ఒక పక్క రేకు ఊడదీసిన కంప్యూటర్,
పక్కన నా రై రొట్టె, దాని పక్కన థర్మల్ పేస్టు గొట్టం.
నిన్న చీకట్లో దాన్నే చేపగుడ్ల పేస్టనుకుని
రొట్టె మీదికి వంచాను. కెవ్వుమన్నావు ఓస్మో,
నా ప్రాణం కోసమో, పేస్టు ఖరీదు కోసమో
ఇంకా చెప్పలేదు.

నలభై ఎనిమిది. అదొక్కటే నీ నోట.
ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు దాని గుణకం నలభై రెండట,
ఆరు మెట్లు ఎక్కించావు,
ఎక్కిన ప్రతి మెట్టుకీ కాస్త ఓల్టేజీ మేత వేశావు,
మరీ కాగుతోందని మళ్ళీ ఆఫ్‌సెట్లో కొంచెం కోశావు.
ఓడల యార్డులో ముప్పయ్యొక్కేళ్ళు వెల్డింగ్ చేసినవాడివి,
ఎంత కరెంటుకి ఇనుము నీరవుతుందో
ముసుగులోంచి చప్పుడు విని చెప్పేవాడివి.
ఈ సిలికాన్ ముక్క చప్పుడు చేయదు.
నీలం తెర దించి ఊరుకుంటుంది.

నోటుబుక్కులో వడ్రంగి పెన్సిలు గీతలు:
తేదీ, ఓల్టు, డిగ్రీలు, ఏమైంది.
"ఏమైంది" గడిలో పదకొండుసార్లు ఒకటే మాట: పోయింది.
ఒకచోట "పిల్లి?" అని రాసి కొట్టేశావు.
ముందు ర్యామును అనుమానించావు, ఒక్కో కడ్డీ పీకి
విడివిడిగా విచారించావు. నిర్దోషులు.
తర్వాత పవర్ సప్లై,
పక్కింటి యల్మరి దగ్గర వేరేది అరువు తెచ్చావు.
ఆ తర్వాత మన ఇంటి కరెంటే. ఆవిరిగది పొయ్యి వెలిగితే
లైట్లు మినుకుమంటాయని
శనివారం సౌనా మాన్పించావు.
అది మాత్రం నేను మరచిపోను.

మొన్న రాత్రంతా పరీక్ష.
ఎనిమిది గంటలు, అన్ని కోర్లూ నడుం వంచి,
ఎనభై ఎనిమిది డిగ్రీలు, ఒక్క తప్పు లేదు.
నన్ను లేపి మరీ చూపించావు.
ఇల్లలకగానే పండగ కాదని నేననలేదు,
ఐదుంబావుకి బస్సు తీయాలి నేను.
పరీక్ష ఆపి కాఫీ పెట్టడానికి లేచావు.
నీళ్ళింకా మరగలేదు,
వెనక నీలం తెర.

అప్పుడు కూలబడి అన్నావు, నాతో కాదు, దానితో:
"మోస్తుంటే పడవు. దించగానే పడతావు."
సంగతి అదేనట. పని తగ్గగానే పొదుపు కోసమని
చిప్పు తన ఓల్టేజీ తనే తగ్గించుకుంటుంది,
నువ్వు పెట్టిన కోత ఆ అడుగున కూడా పడుతుంది,
అక్కడ దానికి కాళ్ళు ఆనవు.

నేను నీ భుజం వైపు చూశాను.
అక్టోబరు నుంచి సెలవు. కట్టు విప్పి నెలైంది.
నేను చూడటం నువ్వు చూశావు.
"వద్దు కెర్తూ. ఇది కంప్యూటర్ సంగతి.
దీన్ని నా మీదికి తేకు."
సరే, తేను.

ఈ జబ్బుకి పరీక్ష ప్రోగ్రాం ఏదీ లేదు.
పెట్టె వెలిగించి ఏమీ చేయకుండా వదిలేయాలి.
మౌస్ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే మేలుకుంటుంది.
కోత సగం తగ్గించావు, గుణకం ఒక మెట్టు దించావు.
నలభై ఏడు అని రాస్తుంటే పెన్సిల్ మొన విరిగింది.
చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నావు.
మూడుంబావు. మూడున్నర.
నిమిషం మారినప్పుడల్లా నీ గడ్డం కదులుతోంది.
కిటికీ నేనే మూశాను. ఏమీ అనలేదు నువ్వు.

బూట్లు వేసుకుంటూ తొంగి చూస్తే తెరంతా నీలం.
గుండె జారింది,
తర్వాత మూలన పడవ కనపడింది:
మనం బోత్నియా సింధుశాఖ మీద తీసిన ఫొటో,
దాని మీద గడియారం నడుస్తూనే ఉంది.
నువ్వు కూర్చునే నిద్రపోయావు,
మంచి భుజం గోడకు ఆనించి.

మౌస్‌కి తగలకుండా నోటుబుక్కు లాక్కుని
ఆఖరి గడిలో నేనే రాశాను,
నాలుగూ పన్నెండు. ఉంది.